చిగుళ్ల నెత్తురు: పన్నెండేసి మందితో జరిగిన రెండు ప్రయోగాల చరిత్ర



ప్రభుత్వ వైద్యుడిగా తాలూకా ఆసుపత్రుల్లో పనిచేసిన రోజుల్లో ఓపీలో నాకు తరచుగా వినిపించిన మాట ఒకటి ఉంది: "పళ్లు తోముకుంటుంటే నెత్తురు వస్తోందండీ." ఆ మాట చెవిన పడగానే నా కలం చీటీ మీద సి విటమిన్ మాత్రలు రాసేసేది. నోరు తెరవమని అడిగిన సందర్భాలు తక్కువ. వరుసలో ఇంకా నలభై మంది నిలబడి ఉండేవారు. "నెత్తురు వచ్చే చోట బ్రష్షు తగలనివ్వకండి, కొన్నాళ్లు వేలితో తోముకోండి" అని ఒక సలహా కూడా జతచేసేవాడిని.

అలా నా దగ్గరకు వచ్చినవారిలో ఒక పంతులుగారు ఉండేవారు. మధుమేహానికి చాలా ఏళ్లు నా వద్దనే మందులు వాడారు. చిగుళ్ల నుంచి నెత్తురు వస్తోందని మూడు నాలుగు సార్లు చెప్పారు. నేను ప్రతిసారీ అవే మాత్రలు రాశాను. యాభై అయిదేళ్లు నిండకముందే ఆయన ముందు పళ్లు ఒక్కొక్కటిగా కదిలి ఊడిపోయాయి. ఒకనాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "వయసు మీద పడింది కదండీ" అన్నారు. నేనూ అవునన్నాను. పాఠం చెప్పేటప్పుడు మాటలు స్పష్టంగా పలకడం లేదని పిల్లలు నవ్వుతున్నారని ఆ తరువాత ఎప్పుడో చెప్పారు.

ఆ పళ్లు ఊడింది వయసు వల్ల కాదు. సకాలంలో గుర్తించి ఉంటే చాలావరకు ఆపగలిగిన జబ్బు వల్ల. ఈ సంగతి నాకు తేటతెల్లమైనది పదవీ విరమణ తరువాత, తీరిక దొరికి వైద్య చరిత్ర చదువుకుంటున్నప్పుడు. నేను రాసిన ఆ మాత్రలకు రెండు వందల యేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ మాత్రలు ఎందుకు సరిపోవో తేల్చిన ప్రయోగానికీ ఒక చరిత్ర ఉంది. విచిత్రమేమిటంటే ఆ రెండు ప్రయోగాల్లోనూ పాల్గొన్నవారు పన్నెండేసి మందే. ఆ కథను నాకు అర్థమైనంతలో మీ ముందు ఉంచుతున్నాను.

మాత్రల వెనుక ఒక ఓడ

1498లో మన మలబారు తీరం నుంచి తిరుగు ప్రయాణం కట్టిన వాస్కో డ గామా ఓడలు అరేబియా సముద్రం దాటడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. ఆ ప్రయాణంలో నావికుల చిగుళ్లు ఉబ్బి పళ్లను కప్పివేశాయి. వారు ఏమీ తినలేకపోయారు. కాళ్లు వాచాయి. ఆ ఒక్క దాటులోనే ముప్పై మంది మరణించారని ఓడలోని దినచర్య గ్రంథం చెబుతోంది. ఆ వ్యాధి స్కర్వీ. తాజా పండ్లు, కూరలు లేకుండా నెలల తరబడి ఎండు రొట్టె, ఉప్పు మాంసంతో గడిపే నావికులకు అది మృత్యువు వంటిది.

1747లో బ్రిటిష్ నౌక సాలిస్‌బరీలో శస్త్రవైద్యుడిగా ఉన్న జేమ్స్ లిండ్ ఈ వ్యాధి సోకిన పన్నెండు మంది నావికులను ఎంచుకున్నాడు. అందరికీ చిగుళ్లు కుళ్లి, ఒంటి మీద మచ్చలు లేచి, మోకాళ్లు సడలి ఉన్నాయి. వారిని ఇద్దరిద్దరు చొప్పున ఆరు జతలుగా విడదీశాడు. అందరికీ ఒకే ఆహారం పెట్టి, దానికి తోడుగా ఒక్కొక్క జతకు ఒక్కొక్క మందు ఇచ్చాడు. ఒక జతకు ఆపిల్ సారా, ఒక జతకు పలుచన చేసిన గంధకామ్లం, ఒక జతకు వెనిగర్, ఒక జతకు సముద్రపు నీరు, ఒక జతకు వెల్లుల్లి మొదలైన దినుసులు నూరిన లేహ్యం, ఇంకొక జతకు రోజూ రెండు నారింజలు, ఒక నిమ్మకాయ. ఆరు రోజుల్లో పండ్లు అయిపోయాయి. అప్పటికే ఆ జతలో ఒకడు విధుల్లోకి వెళ్లగలిగాడు. రెండవవాడు మిగిలిన రోగులకు పరిచర్య చేసే స్థితికి వచ్చాడు.

లిండ్ తన గ్రంథాన్ని 1753లో ప్రచురించాడు. నౌకాదళం నిమ్మరసాన్ని నియమంగా ఇవ్వడం మొదలుపెట్టినది 1795లో. నిమ్మలోని ఆ పదార్థం సి విటమిన్ అని తేలడానికి ఇరవయ్యవ శతాబ్దం రావలసివచ్చింది. ఆ పరిశోధనకు గాను హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ జ్యోర్జీకి 1937లో నోబెల్ బహుమతి లభించింది. మన శరీరంలోని కణజాలాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే మాంసకృత్తు గట్టిపడడానికి ఈ విటమిన్ కావాలి. అది లేకపోతే రక్తనాళాల గోడలు బలహీనపడతాయి, చిగుళ్లు చితికి నెత్తురు కారుతుంది.

ఇది వైద్య చరిత్రలో ఉజ్జ్వలమైన ఘట్టం. వైద్య విద్యార్థి ఎవరూ దీనిని మరచిపోరు. చిక్కు అక్కడే వచ్చింది. 'స్కర్వీ ఉంటే చిగుళ్ల నుంచి నెత్తురు వస్తుంది' అని చదువుకున్న మేము 'చిగుళ్ల నుంచి నెత్తురు వస్తే సి విటమిన్ లోపం' అని తిరగవేసి గుర్తుపెట్టుకున్నాం. నిప్పు ఉన్న చోట పొగ ఉంటుంది గాని, కంటికి కనిపించే ప్రతి మసకా పొగ కాదు. జామ, ఉసిరి, నిమ్మ, పచ్చిమిరప దొరికే మన ఊళ్లలో అసలైన స్కర్వీ అరుదు. చిగుళ్ల నెత్తురు మాత్రం ఇంటింటా ఉంది.

మన ప్రాచీనులు చూసినది

చిగుళ్ల వ్యాధిని మన ప్రాచీన వైద్యులు ఎరుగనివారు కారు. సుశ్రుత సంహిత ముఖరోగాలను వివరించేటప్పుడు దంతమూలాలకు, అంటే చిగుళ్లకు, సంబంధించిన వ్యాధులను ప్రత్యేకంగా పదిహేనుగా లెక్కించింది. వాటిలో మొదటిది శీతాదం. కారణం కనిపించకుండా చిగుళ్ల నుంచి నెత్తురు రావడం, దుర్గంధం, చిగుళ్లు నల్లబడి మెత్తబడి కరిగిపోవడం దాని లక్షణాలు. దంతవేష్టం అనే మరొక వ్యాధిలో చీము నెత్తురు కారి పళ్లు కదులుతాయని చెప్పింది. నేటి దంతవైద్యుడు చిగురువాపు అనీ, ఎముక దాకా పాకిన చిగురు వ్యాధి అనీ వేరుచేసి చెప్పే రెండు దశలూ ఆ వర్ణనల్లో పోల్చుకోవచ్చు.

అంతకంటె నన్ను ఆకట్టుకున్నది చికిత్స. పళ్ల మీద పేరుకునే గట్టి పదార్థాన్ని సుశ్రుతుడు దంతశర్కర అన్నాడు. దంతమూలాలకు గాయం కాకుండా వైద్యుడు దానిని పెళ్లగించి తీయాలని విధించాడు. చరక సంహిత పందుంపుల్ల గురించి చెబుతూ, వగరు, కారం, చేదు రుచులు గల పుల్ల కొసను నలిపి రోజుకు రెండు పూటలా తోముకోవాలనీ, చిగుళ్లను బాధించకూడదనీ చెప్పింది. రెండు పూటలా తోమాలి, గారను తీయించాలి, చిగురును గాయపరచకూడదు. నేటి దంతవైద్యుడు చెప్పేవీ ఈ మూడే.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. లక్షణం, చికిత్స ఇంత స్పష్టంగా ఉన్నా, కారణాన్ని ఆ గ్రంథాలు కఫ రక్త దోషాల్లో చూశాయి. పంటి మీద పేరుకున్న దానికీ చిగురు కారే నెత్తురుకీ ఉన్న కార్యకారణ సంబంధం తేలవలసే ఉంది. దానికి మొదట కంటికి కనిపించనిదానిని చూపే పరికరం కావలసివచ్చింది.

పాచిలో ప్రాణులు

ఆ పరికరం హాలెండులోని డెల్ఫ్ట్ పట్టణంలో ఒక బట్టల వర్తకుని చేతిలో రూపుదిద్దుకుంది. ఆంటొనీ వాన్ లేవెన్‌హుక్ తాను స్వయంగా సానపట్టిన కటకాలతో నీటి చుక్కలను, వాన నీటిని, మిరియాల కషాయాన్ని చూస్తూ వచ్చాడు. 1683 సెప్టెంబరులో లండన్ రాయల్ సొసైటీకి రాసిన లేఖలో తన పళ్ల సందుల్లోని తెల్లని పదార్థాన్ని చూసిన వైనం వివరించాడు. రోజూ ఉప్పుతో పళ్లు రుద్దుకునే అలవాటు ఉన్న తన నోటిలోనే లెక్కలేనన్ని ప్రాణులు కదులుతున్నాయి. జీవితంలో ఎన్నడూ పళ్లు శుభ్రం చేసుకోని ఒక వృద్ధుని నోటి నుంచి తీసిన పదార్థంలోనైతే అవి గుంపులు గుంపులుగా కనిపించాయి.

ఆయన ఇంకొక ముఖ్యమైన సంగతి గమనించాడు. వెనిగర్‌తో నోరు పుక్కిలిస్తే పైపై ప్రాణులు మాత్రమే చచ్చాయి. ముద్దలోపల ఉన్నవి చెక్కుచెదరలేదు. వెనిగర్ ఆ పదార్థం లోపలికి చొరబడలేదని ఆయనే రాశాడు. మూడు వందల ఏళ్ల కిందటి ఈ వాక్యం, పుక్కిలించే మందులతోనే పని జరిగిపోతుందనుకునే నేటివారికి సరైన జవాబు.

ఇక్కడ మన భాషను తలచుకోకుండా ఉండలేను. పొద్దున్నే పళ్ల మీద జిగటగా ఉండే పొరను మనం పాచి అంటాం. కోనేటి మెట్ల మీద పట్టే పచ్చని పొరనూ పాచి అనే అంటాం. రెండింటి స్వభావమూ ఒక్కటే. తడి ఉన్న గట్టి తలానికి అతుక్కుని, తమ చుట్టూ జిగురు కట్టుకుని, సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కాపురం ఉండడమే ఆ స్వభావం. మెట్ల పాచి మీద ఎన్ని బిందెల నీళ్లు గుమ్మరించినా పోదు, చీపురుతో రుద్దితే పోతుంది. పంటి పాచి సంగతీ అంతే. ఆ పాచిని అలాగే వదిలితే లాలాజలంలోని సున్నపు లవణాలు చేరి గట్టిపడుతుంది. దానిని మనవాళ్లు గార అన్నారు. గోడకు పూసే సున్నపు గార వంటిదే ఇది కూడా. పాచి చీపురుకు లొంగుతుంది, గారకు ఉలి కావాలి. ఇంట్లో తోముకునేదానికీ దంతవైద్యుడు చేసే శుభ్రతకూ తేడా ఇదే.

లేవెన్‌హుక్ చూసిన ప్రాణులే జబ్బుకు మూలమని ఆ కాలంలో ఎవరూ అనుకోలేదు. 1728లో ఆధునిక దంతవైద్యానికి మూలగ్రంథం అనదగ్గ పుస్తకం రాసిన ఫ్రెంచి వైద్యుడు పియేర్ ఫోషార్ గారను గీకి తీసే పరికరాలను వివరించాడు. పందొమ్మిదవ శతాబ్దంలో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో జాన్ రిగ్స్ చిగురు కిందికి దిగిన గారను సైతం శుభ్రం చేసి కదిలే పళ్లను నిలబెట్టవచ్చని బోధించాడు. 1844లో తోటి దంతవైద్యుడు హొరేస్ వెల్స్‌కు నవ్వు వాయువు మత్తులో పన్ను పీకి చరిత్రకెక్కిన రిగ్స్ ఈయనే. ఆ వ్యాధిని చాలాకాలం ఆయన పేరుతోనే పిలిచారు. తరువాత చీము కారడం అనే అర్థం గల పయోరియా అనే పేరు స్థిరపడింది. మన పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ పేరే వాడతారు.

సరైన అనుమానం, తప్పు తీర్పు

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో లండన్ వైద్యుడు విలియం హంటర్ నోటి కల్మషం శరీరమంతటా రోగాలు పుట్టిస్తుందని ప్రకటించాడు. కుళ్లిన పళ్ల మీద బంగారు తొడుగులు వేసి కప్పిపుచ్చడాన్ని 1910లో మాంట్రియల్‌లో చేసిన ప్రసంగంలో తీవ్రంగా విమర్శించాడు. ఆయన అనుమానంలో కొంత నిజం ఉంది. కాని దాని పేరిట జరిగినది ఘోరం. కీళ్లవాతానికి, అజీర్ణానికి, నీరసానికి కారణం దొరకకపోతే వైద్యులు పళ్ల వైపు వేలు చూపించారు. అమెరికాలో, బ్రిటన్‌లో గట్టి పళ్లు సైతం వరుసగా పీకివేశారు. న్యూజెర్సీ రాష్ట్రంలోని ట్రెంటన్ మానసిక చికిత్సాలయంలో హెన్రీ కాటన్ అనే వైద్యుడు పిచ్చికి మూలం పళ్లలోని చీమేనని నమ్మి రోగుల పళ్లు తీయించాడు. అది చాలక టాన్సిళ్లు, పెద్దపేగులు కూడా తీయించాడు. ఆ శస్త్రచికిత్సల్లో ఎందరో మరణించారు.

కీళ్లవాతం ఉన్న 200 మంది రోగులను పరిశీలించి, పళ్లు పీకడం వల్ల ప్రయోజనం కనబడలేదని 1938లో రసెల్ సెసిల్, ముర్రే యాంజివైన్ ప్రకటించిన తరువాత ఆ వెర్రి నెమ్మదించింది. కాని దానికి ఒక దుష్ఫలితం మిగిలింది. నోటికీ దేహానికీ సంబంధం ఉందనే మాట ఎత్తడానికే తరువాతి తరం వైద్యులు సంకోచించారు. మాకు పాఠాలు చెప్పినవారు ఆ తరంవారి శిష్యులు. వైద్య కళాశాలలో మేము నాలుకను చూడడం నేర్చుకున్నాం, గొంతు చూడడం నేర్చుకున్నాం. వాటి మధ్యలో ఉన్న చిగుళ్లు మా చూపును తప్పించుకున్నాయి.

అదే కాలంలో ఇంకొక తప్పటడుగు పడింది. న్యూ ఆర్లీన్స్ నగరంలో చార్లెస్ బాస్ అనే వైద్యుడు ఉండేవాడు. 1912లో ఫాస్టర్ జాన్స్‌తో కలిసి మలేరియా పరాన్నజీవిని శరీరం వెలుపల పెంచి చూపిన ఘనుడు. కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ అమీబిక్ విరేచనాలకు ఎమెటిన్ సూదిమందు ఇచ్చి సత్ఫలితాలు సాధించిన రోజులవి. పయోరియా రోగుల చిగుళ్లలో ఒక అమీబా కనబడడంతో అదే వ్యాధికారకమని బాస్ భావించి, దానికీ ఎమెటిన్ ప్రయోగించాడు. 1915లో ఆ విషయమై పుస్తకం కూడా వెలువరించాడు. ఆ ఆశ ఫలించలేదు. ఆ అమీబా రోగం తెచ్చిన దొంగ కాదు, తలుపు తెరిచి ఉన్న ఇంట్లో చేరిన బాటసారి. ఈ బాస్ పేరు గుర్తుంచుకోండి. మళ్లీ ఆయన దగ్గరకు వస్తాం.

ఆర్హుస్‌లో పన్నెండు మంది

1960ల నాటికీ చిగుళ్ల వ్యాధికి కారణాల పట్టిక చాంతాడంత ఉండేది. విటమిన్ లోపం, వంశపారంపర్యం, పలువరుస వంకర, హార్మోన్లు, వయసు, వీటితోపాటు అపరిశుభ్రత. ఏది మూలం, ఏది తోడు? డెన్మార్క్‌లోని ఆర్హుస్ దంతవైద్య కళాశాలలో హరాల్డ్ లో అనే నార్వే దేశీయుడు తన సహచరులతో కలిసి దీనిని తేల్చడానికి ఎంత సులువైన ప్రయోగం తలపెట్టాడంటే, అంతకు ముందు ఎవరికీ ఎందుకు తోచలేదా అనిపిస్తుంది.

ఆరోగ్యమైన చిగుళ్లు గల పన్నెండు మందిని తీసుకున్నారు. ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే. వారు పళ్లు తోముకోవడం పూర్తిగా మానివేశారు. మార్చినది ఈ ఒక్క అలవాటునే. రోజురోజుకూ పాచి పేరుకుంది. 10 నుంచి 21 రోజుల లోపల పన్నెండు మందికీ చిగుళ్లు ఎర్రబడి వాచాయి. తాకితే నెత్తురు వచ్చింది. సూక్ష్మదర్శినిలో పాచి స్వరూపమే మారిపోయింది. మొదట గుండ్రని జీవులు, తరువాత పొడవైన దారాల వంటివి, చివరకు చుట్టలు తిరిగి వేగంగా కదిలేవి.

అప్పుడు మళ్లీ తోముకోవడం మొదలుపెట్టమన్నారు. నెత్తురు కారుతున్న ఆ చిగుళ్ల పక్కనే తోమారు. సుమారు వారం పది రోజుల్లో పాచి పోయింది, వాపు తగ్గింది, నెత్తురు ఆగింది. మాత్ర లేదు, సూదిమందు లేదు. 1965లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

ఆ వ్యాసం సంగతి చదివిన రాత్రి నాకు పంతులుగారు గుర్తుకు వచ్చారు. నేను ఉద్యోగంలో చేరేనాటికే ఈ నిజం అచ్చయి ఉంది. నేనేమో నెత్తురు వచ్చే చోట తోమవద్దని చెప్పాను. అంటే పాచిని అక్కడే కాపురం ఉండనివ్వమని చెప్పినట్టే. నెత్తురు రావడం తోమడం వల్ల కలిగిన గాయం కాదు. ఆ చోట తోమడం చాలలేదని చిగురు చెబుతున్న ఫిర్యాదు.

తేయాకు తోటల పాఠం

ఇంకొక ప్రశ్న మిగిలింది. చిగురువాపు తిరిగి పూర్తిగా నయమయ్యేది. మరి పళ్లు ఊడడం మాటేమిటి? పాచి చిగురు అంచు కిందికి దిగి ఏళ్ల తరబడి ఉంటే, దానితో పోరాడే మన శరీర రక్షణ వ్యవస్థే చుట్టుపక్కల కణజాలాన్ని, దవడ ఎముకను కరిగిస్తుంది. పంటికీ చిగురుకూ మధ్య సాధారణంగా ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల లోతుండే గాడి నాలుగు, ఆరు, ఎనిమిది మిల్లీమీటర్ల సంచిగా మారుతుంది. కరిగిన ఎముక చాలావరకు తిరిగి రాదు. అయితే ఇది అందరికీ జరుగుతుందా?

లో బృందం 1970 నుంచి పదిహేనేళ్లు శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది తమిళ కూలీలను పరిశీలించింది. వారికి బ్రష్షు అలవాటు లేదు, దంతవైద్యం అందుబాటులో లేదు. పిప్పిపళ్లు దాదాపు లేవు గాని, అందరి నోటా పాచి, గార, చిగురువాపు ఉన్నాయి. 1986లో ప్రచురించిన ఫలితాల ప్రకారం వారిలో సుమారు 8 శాతం మందికి వ్యాధి వేగంగా ముదిరింది. 81 శాతం మందికి నిదానంగా ముదిరింది. 11 శాతం మందికి చిగురువాపు దాటి ముందుకు సాగలేదు.

అంటే పాచి లేనిదే జబ్బు లేదు, కాని జబ్బు ఎంత వేగంగా సాగుతుందన్నది మనిషిని బట్టి మారుతుంది. "మా తాత ఏనాడూ బ్రష్షు ముట్టలేదు, ఎనభై ఏళ్లకూ చెరుకు నమిలాడు" అనేవారి తాతగారు ఆ 11 శాతంలోనివారు. మనం ఏ వర్గంలో ఉన్నామో పళ్లు ఊడేదాకా ఆగి తెలుసుకోవలసిన అవసరం లేదు.

ఆరవ ఉపద్రవం

వేగంగా ముదిరే వర్గంలోకి నెట్టే వాటిలో ముఖ్యమైనవి రెండు: పొగాకు, మధుమేహం. పొగతాగేవారిలో చిగుళ్ల నెత్తురు తక్కువగా కనిపిస్తుంది. కనుక జబ్బు లోలోపల సాగుతున్నా బయటికి తెలియదు. మధుమేహం సంగతి చెప్పినవాడు మళ్లీ హరాల్డ్ లోయే. కళ్లు, మూత్రపిండాలు, నరాలు, పెద్ద రక్తనాళాలు దెబ్బతినడం, గాయాలు మానకపోవడం అనే అయిదు ఉపద్రవాల సరసన చిగుళ్ల వ్యాధిని ఆరవదిగా చేర్చాలని 1993లో రాశాడు. ఈ సంబంధం రెండు వైపులా నడుస్తుంది. చక్కెర అదుపులో లేకపోతే చిగుళ్లు త్వరగా పాడవుతాయి. చిగుళ్లలో వాపు రగులుతుంటే చక్కెర అదుపులోకి రావడం కష్టమవుతుంది. చిగుళ్లకు సరైన చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.4 పాయింట్ల మేర తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. అది మందులకు బదులు కాదు, మందులకు తోడు.

గుండెజబ్బుకూ చిగుళ్ల వ్యాధికీ సంబంధం ఉన్నట్టు ఎన్నో అధ్యయనాలు చూపాయి. కాని ఒకటి రెండవదానికి కారణమని రుజువు కాలేదు. హంటర్ నాటి పొరపాటు తెలిసినవాళ్లం కనుక ఇక్కడ తొందరపడకూడదు. చిగుళ్లు బాగు చేసుకోవడానికి గుండె సాక్ష్యం అక్కరలేదు, నమిలి తినగలగడం చాలు.

బాస్ మళ్లీ వచ్చాడు

ఇప్పుడు బాస్ దగ్గరకు వద్దాం. వైద్య కళాశాల అధిపతిగా పనిచేసి 1940లో పదవీ విరమణ చేసిన ఆయన తిరిగి పళ్ల మీద దృష్టి పెట్టాడు. అమీబాను వదిలి పాచిని చూశాడు. పంటికీ చిగురుకూ మధ్యనున్న గాడిలోని పాచిని ఇంట్లోనే తీసివేసే మార్గం కోసం ఏళ్ల తరబడి శ్రమించి, 1940లు 50లలో బ్రష్షు ఎలా ఉండాలో, ఎలా తోమాలో నిర్ణయించి ప్రచురించాడు. నేడు ప్రపంచమంతటా దంతవైద్యులు నేర్పే తోముడు పద్ధతికి ఆయన పేరే ఉంది. యౌవనంలో చేసిన పొరపాటును విశ్రాంత జీవితంలో సరిదిద్దుకున్న ఆ వైద్యుడు నూరేళ్లు బతికాడు. ఆయన కథ నాకు కొంత ధైర్యం ఇచ్చింది.

ఆ పద్ధతి ఇది. మెత్తని కుచ్చు గల బ్రష్షును పంటికి నిటారుగా కాక, చిగురు అంచు వైపు ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల కోణంలో ఆనించాలి. కుచ్చు కొసలు గాడిలోకి దిగేలా మెల్లగా నొక్కి, ఉన్నచోటనే చిన్నచిన్నగా కదపాలి. రెండేసి పళ్ల చొప్పున బయటి వైపు, లోపలి వైపు అంతటా తిరగాలి. రెండు నిమిషాలు పడుతుంది. రోజుకు రెండు సార్లు, రాత్రి పడుకునే ముందు తప్పనిసరిగా. పళ్ల సందుల్లోకి బ్రష్షు చేరదు. అక్కడికి దారమో, సందులకు సరిపడే చిన్న బ్రష్షో వాడాలి. బొగ్గు, ఇటుకపొడి, కచ్చిక వంటివి పంటిని అరగదీస్తాయి, చిగురును గీస్తాయి. వేపపుల్లతో తోమేవారు కొస బాగా నలిపి మెత్తని కుచ్చు చేసుకుని, చరకుడు చెప్పినట్టు చిగురు నొవ్వకుండా తోమాలి.

గార తీయిస్తే పళ్లు కదులుతాయనే భయం మనవారిలో బలంగా ఉంది. ఎముక కరిగిన చోట సందులను గార పూడ్చి ఉంచుతుంది. దానిని తీయగానే అప్పటికే ఉన్న ఖాళీ బయటపడుతుంది. కొన్నాళ్లు పళ్లు జివ్వుమనవచ్చు. కదలిక తెచ్చినది ఎముక కరగడమే గాని గార తీయడం కాదు. దంతవైద్యుడు చెప్పిన గడువులో, సాధారణంగా ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి, చూపించుకోవాలి. మధుమేహం ఉన్నవారు, గర్భిణులు ఆలస్యం చేయకూడదు.

సరిగా తోమడం మొదలుపెట్టిన రెండు వారాలకూ నెత్తురు ఆగకపోతే దంతవైద్యుని వద్దకు వెళ్లండి. చిగుళ్లతోపాటు ముక్కు నుంచి నెత్తురు, ఒంటి మీద కమిలిన మచ్చలు, జ్వరం, అకారణ నీరసం ఉంటే వెంటనే వైద్యుని చూసి రక్త పరీక్ష చేయించుకోవాలి. అది రక్త కణాల వ్యాధి కావచ్చు. రక్తం పలుచనచేసే మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, రక్తపోటుకు వాడే నిఫెడిపిన్, ఆమ్లోడిపిన్ కొందరిలో చిగుళ్లను ఉబ్బిస్తాయి. అలా జరిగితే మందు మీరే మానవద్దు, రాసిన వైద్యునికి చూపించండి.

సి విటమిన్ మీద నాకు కోపం లేదు. జామకాయ తినండి, ఉసిరి తినండి. లిండ్ నేర్పిన పాఠం నిజమే. కాని అది సముద్రం మీద నెలల తరబడి పండు ఎరుగని పన్నెండు మంది పాఠం. మన ఇళ్లకు వర్తించేది ఆర్హుస్‌లో బ్రష్షు పక్కన పెట్టి మళ్లీ చేతపట్టిన పన్నెండు మంది పాఠం. ఎవరి రోగానికి ఎవరి పాఠమో తేల్చుకోవడమే వైద్యం. నేను ఆ పని చేయలేదు.

పంతులుగారు ఇప్పుడు లేరు. అప్పుడప్పుడు మా ప్రాంతంలో జరిగే మధుమేహ శిబిరాలకు నన్ను పిలుస్తారు. చెప్పులు విప్పించి పాదాలు చూసిన తరువాత, ఇప్పుడు నేను ప్రతి ఒక్కరినీ ఇంకొక మాట అడుగుతున్నాను: "ఒకసారి నోరు తెరవండి, చిగుళ్లు చూద్దాం." అర నిమిషం కూడా పట్టదు. ఆ అర నిమిషం ఆనాడు నా దగ్గర లేకపోలేదు.